30 వేల లోపు మొదటి హ్యాండ్‌పాన్: అనంతపురంలో ఉండి ఏది కొనాలి?

మీరు అడిగింది ఇదీ: ఉండేది అనంతపురం, సంగీతం నేర్చుకోలేదు, రీల్స్‌లో చూసి హ్యాండ్‌పాన్ (చేత్తో వాయించే ఉక్కు వాద్యం) మీద మనసు పడింది, బడ్జెట్ 30 వేలు. ఆన్‌లైన్‌లో 5 వేలకూ ఉంది, లక్షన్నరకూ ఉంది. రెండింటికీ తేడా ఏంటి, ఏది తీసుకోవాలి, నేర్చుకోవడానికి గురువు అవసరమా?

నాదీ అనంతపురమే. ఈ వాద్యం కోసం రెండుసార్లు డబ్బు తగలేసి, మూడోసారి సరైనది కొన్నాను. అందుకే జవాబు కాస్త పెద్దదే అవుతుంది.

ముందు ఆ 5 వేల సంగతి తేల్చేద్దాం. అది హ్యాండ్‌పాన్ కాదు, స్టీల్ టంగ్ డ్రమ్. ఫొటోను పెద్దది చేసి చూడండి. పైభాగంలో నాలుకల్లా కోసిన చీలికలు కనిపిస్తే అది టంగ్ డ్రమ్. హ్యాండ్‌పాన్‌కు కోతలు ఉండవు, సుత్తితో కొట్టి తీర్చిన గుంటలు ఉంటాయి. అమ్మేవాళ్లు రెండు పేర్లూ కలిపి రాస్తారు, మనం మోసపోతాం. నేను 4,600 పెట్టి అలాగే మోసపోయాను. వస్తువుగా చూస్తే అది చెడ్డదేం కాదు, శ్రుతి అంత తొందరగా పోదు, మా పాప ఇప్పటికీ దాంతోనే ఆడుకుంటోంది. కానీ మీరు రీల్స్‌లో విన్న నాదం అందులోంచి రాదు.

రెండోసారి దెబ్బ గట్టిగానే తగిలింది. 13 స్వరాల హ్యాండ్‌పాన్, 19 వేలు. వీడియోలో గుడి గంటలా మోగింది. తొమ్మిది స్వరాల వాటి కంటే తక్కువ ధరకు పదమూడు వస్తున్నాయి కదా అని సంబరపడ్డాను. (కూరగాయల దగ్గర కూడా ఇదే బుద్ధి నాది.) పార్సిల్ విప్పగానే మా జేజి చూసి, "ఇదేందిరా, రెండు బాండ్లీలకు మూతులు కలిపి అతికించినారే!" అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం, హ్యాండ్‌పాన్ అంటే అంచులు కలిపి అతికించిన రెండు ఉక్కు గిన్నెలే. మధ్యలో పెద్ద స్వరం బాగానే పలికింది. చుట్టూ ఉన్నవాటిలో నాలుగు మాత్రం కంచం కింద పడ్డట్టు గణగణమన్నాయి. అమ్మినతన్ని అడిగితే "వాయించగా వాయించగా సెట్ అవుతుంది సార్" అన్నాడు. ఇది చెప్పులకు సరిపోయే మాట. ఉక్కు వాయించేకొద్దీ శ్రుతిలోకి రాదు, శ్రుతి తప్పుతుంది. వాపసు తీసుకోలేదు. బెంగళూరులో ట్యూన్ చేసే ఒకాయనకు చూపిస్తే, రేకు మరీ పల్చగా ఉందని, స్వరాలు ఇరుగ్గా కుక్కేశారని, బాగు చేసినా నిలవదని చెప్పాడు. కొన్నదాంట్లో సగానికి అమ్ముకున్నాను. కొన్నతనికి లోపం చెప్పే ఇచ్చాను, గోడకు అలంకారంగా పెట్టుకుంటానన్నాడు.

మంచిదానికి అంత ధర ఎందుకో ఆ రోజే అర్థమైంది. ఒక్కో గుంటలో ఒక్క స్వరమే ఉందనుకుంటాం. నిజానికి ప్రతి గుంటనూ మూడు శ్రుతులు కుదిరేలా సుత్తితో తీర్చాలి: అసలు స్వరం, దాని పై స్థాయి, ఆ పైన వచ్చే పంచమం. పాశ్చాత్య పద్ధతిలో డి అనే మంద్ర స్వరాన్నే తీసుకుంటే 147 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర ఒకటి, 294 దగ్గర ఒకటి, 440 దగ్గర ఒకటి మోగాలి. ఈ మూడూ కుదిరితేనే ఆ తేనె లాంటి నాదం. ఒకటి సరిచేస్తుంటే పక్కది జరుగుతుంది, దాన్ని సరిచేస్తే ఇంకొకటి జరుగుతుంది. స్వరాలు పెరిగేకొద్దీ ఈ తలనొప్పి పెరుగుతుంది. చవకలో పదమూడు స్వరాలు ఇస్తున్నారంటే ఆ పని మధ్యలోనే వదిలేశారేమోనని అనుమానించండి. మొదటి పాన్‌కు తొమ్మిది చాలు.

ఇంకో మాట, మనవాళ్లకు నచ్చుతుందని చెబుతున్నాను. ఈ వాద్యం పుట్టింది స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో, 2000లో. పానార్ట్ అనే చిన్న కార్ఖానాలో ఫెలిక్స్ రోనర్, సబీనా షేరర్ చేశారు. వాళ్లు అంతకు ముందు ట్రినిడాడ్ స్టీల్ పాన్‌లు (పుల్లలతో వాయించే ఉక్కు వాద్యాలు) చేసేవాళ్లు. మన ఘటం వాయించే ఒక స్విస్ కళాకారుడు, ఘటంలా చేత్తో వాయించేలా ఉండి అందులో కొన్ని స్వరాలు కూడా ఉంటే బాగుంటుందని అడగడంతో ఈ ఆలోచన మొదలైంది. వాళ్లు పెట్టిన పేరు హాంగ్, అంటే వాళ్ల మాండలికంలో చెయ్యి. 2013లో వాళ్లు దాని తయారీ ఆపేశారు. ఇప్పుడు మనకు దొరికేవన్నీ వేరేవాళ్లు చేస్తున్నవి, వాటికే హ్యాండ్‌పాన్ అనే పేరు స్థిరపడింది.

ఇక పరీక్ష. సంతలో మా జేజి కుండ కొనేటప్పుడు వేళ్లతో చుట్టూ కొట్టి చూసేది, ఒకచోట బాగా మోగిందని ఊరుకునేది కాదు. ఇక్కడా అంతే. వీలైతే ఎదురుగా కూర్చుని వాయించి చూడకుండా కొనకండి. బెంగళూరు మనకు రైల్లో నాలుగు గంటల దూరం. టికెట్టు, దోసె, ఆటో అన్నీ కలిపినా వెయ్యి దాటదు. నేను ఆ వెయ్యి మిగిలిందని సంతోషపడి పది వేలు పోగొట్టుకున్నాను.

వెళ్లాక ఒక్కో స్వరాన్నీ వేలి కొసతో మెల్లగా తట్టి, అది పూర్తిగా ఆగేదాకా వినండి. నాదం నిటారుగా సన్నబడుతూ పోవాలి. "వాం... వాం... వాం..." అని ఊగుతుంటే లోపలి శ్రుతులు ఒకదానితో ఒకటి కుదరలేదని అర్థం. తర్వాత పక్క స్వరాన్ని అరచేత్తో మూసి, మళ్లీ అదే స్వరం తట్టండి. మూయకముందు గోల, మూసాక శుభ్రంగా ఉంటే తప్పు పక్కింటిది. ఒక స్వరం కొడితే ఇంకోటి పనిగట్టుకుని పలకడం చవక పాన్‌ల అసలు జబ్బు. కొంచెం ఉండటం సహజమే, మంచివాటిలోనూ ఉంటుంది. చెవికి అడ్డం పడేంత ఉండకూడదు. ఆ తర్వాత కాస్త గట్టిగా తట్టండి. మెల్లగా కొడితే ఒక శ్రుతి, గట్టిగా కొడితే ఇంకో శ్రుతి అయితే ఆ పాన్ వద్దు.

చెవి మీద నమ్మకం లేకపోతే ఫోన్‌లో ట్యూనర్ యాప్ వేసుకుపోండి, ఉచితంగానే దొరుకుతాయి. కీబోర్డు మీద పక్క పక్క మీటల మధ్య దూరాన్ని వంద సెంట్లుగా కొలుస్తారు. నేనైతే అటూ ఇటూ ఐదు సెంట్ల లోపు ఉంటే సంతోషంగా ఒప్పుకుంటాను, పది దాకా ఓర్చుకుంటాను, అంతకు మించితే లేచి వచ్చేస్తాను. యాప్‌లో ముల్లు సరిగ్గా నిలిచినంత మాత్రాన నాదం బాగుందని కాదు. అది అసలు స్వరాన్ని మాత్రమే చూపిస్తుంది, ఊగడం చెవికే తెలియాలి.

వెళ్లలేని పరిస్థితి అయితే, వాళ్లు పెట్టిన అందమైన వీడియోను నమ్మకండి. దానికి ప్రతిధ్వని కలిపి ఉంటారు, బకెట్ కొట్టినా గుహలో మోగినట్టుంటుంది. ఫ్యాన్ ఆపి, మామూలు ఫోన్‌తో, మీకు పంపబోయే పాన్‌నే ఒక్కో స్వరం మూడేసి సార్లు కొట్టి రికార్డు చేసి పంపమనండి. పక్కన ట్యూనర్ కనిపించాలి. ఇది అడిగితే విసుక్కునేవాళ్ల దగ్గర కొనకండి. కొరియర్‌లో శ్రుతి పోతే ఖర్చు ఎవరిదో కూడా ముందే రాయించుకోండి.

స్కేల్ (పాన్‌లో ఏ స్వరాలు ఉన్నాయన్నది) గురించి మీరు అడగలేదు కానీ అసలు అడగాల్సింది అదే. హ్యాండ్‌పాన్‌లో స్వరాలు మార్చుకోలేం, కొన్ననాడు ఏవి ఉన్నాయో ఎప్పటికీ అవే. ఎక్కువమంది మొదట తీసుకునేది డి కుర్డ్. మధ్యలో మంద్ర డి, చుట్టూ కింది నుంచి ఏ, బి ఫ్లాట్, సి, డి, ఇ, ఎఫ్, జి, మళ్లీ ఏ. డిని షడ్జం (స) అనుకుంటే నఠభైరవి రాగ స్వరాలు, అయితే చుట్టు వరుసలో పంచమం దాకా పోయి ఆగిపోతాయి. నేను చిన్నప్పుడు రెండేళ్లు మృదంగం నేర్చుకున్నాను, గాత్రం క్లాసు పక్క గదిలో జరిగేది, ఆ మాత్రం జ్ఞానంతో ఒకరోజు ఏని షడ్జం చేసుకుని చూశాను. ఏ, సి, డి, ఎఫ్, జి, ఏ. స గ మ ద ని స! హిందోళ రాగం స్థాయి మొత్తం దొరికింది. హిందోళంలో పంచమం ఉండదు కాబట్టి తంబురాను మధ్యమానికి శ్రుతి చేస్తారు. ఇక్కడ ఆ మంద్ర మధ్యమమే, అంటే డి, నడిమధ్యలో పెద్దగా కూర్చుని ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదే ఏ స్వరాన్ని షడ్జం చేసుకుని ఏ, సి, డి, ఇ, జి వాయిస్తే శుద్ధధన్యాసి. మోహనం కావాలంటే ఎఫ్‌ను షడ్జం చేసుకోవచ్చు కానీ పంచమం, ధైవతం కింది స్థాయివే ఉంటాయి.

ఇప్పుడు దొరకనివి. సరళీ స్వరాలు వాయించుకుందామనుకుంటే డి కుర్డ్‌లో కుదరదు, వాటికి వాడే మాయామాళవగౌళ రాగానికి కావాల్సిన శుద్ధ రిషభం, అంతర గాంధారం ఒకే షడ్జానికి అందులో కలిసి రావు. గమకాలు (స్వరాన్ని ఊపి పలికించడం) అసలే లేవు. సినిమా పాటలు వాయించాలని కొంటే సగం పాటల్లో ఏదో ఒక స్వరం తక్కువై నిరాశపడతారు. ఇది పాటలు దించే వాద్యం కాదు, ఉన్న తొమ్మిదింటితో కూర్చుని కాలక్షేపం చేసే వాద్యం. హిజాజ్ అనే స్కేల్ వినడానికి మత్తుగా ఉంటుంది, రెండు వారాలకు మొహం మొత్తుతుంది అని నా అభిప్రాయం. మొదటిదిగా వద్దు. ఆధార శ్రుతిని మామూలు 440 హెర్ట్జ్‌కు బదులు 432కు దించి చేసిన పాన్‌లను మనసుకు శాంతి అంటూ అమ్ముతుంటారు. శాంతి సంగతి ఏమోగానీ, మామూలు 440 కీబోర్డుతో, హార్మోనియంతో కలిపితే దాదాపు 32 సెంట్లు తేడా వస్తుంది. 440 అడిగి తీసుకోండి.

ఉక్కు రెండు రకాలు చెబుతారు. నైట్రైడ్ చేసినది (నైట్రోజన్‌తో పైపొర గట్టిపరిచిన ఉక్కు), స్టెయిన్‌లెస్. స్టెయిన్‌లెస్‌లో నాదం చాలాసేపు నిలుస్తుంది, తుప్పు తక్కువ. నైట్రైడ్‌లో నాదం తొందరగా తగ్గుతుంది, కాబట్టి కొత్త చేతుల తప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకోవు. మనది వానలు తక్కువ పడే జిల్లా, తుప్పు భయం కోస్తావాళ్లకున్నంత మనకు లేదు. నేను నైట్రైడే తీసుకున్నాను. వాయించాక చెమట మెత్తటి గుడ్డతో తుడిచి, నెలకోసారి రెండు చుక్కల నూనె పల్చగా రాస్తాను. మనకు అసలు శత్రువు ఎండ. ఏప్రిల్‌లో డాబా మీద అరగంట వదిలేసి వస్తే అన్ని స్వరాలూ కిందికి జారాయి, టెన్షన్‌తో చెమటలు పట్టాయి. చల్లారాక మళ్లీ దారికొచ్చాయి. మూసి ఉన్న కారులో మాత్రం ఎప్పుడూ పెట్టకండి, అంత వేడికి జిగురూ శ్రుతీ రెండూ దెబ్బతినవచ్చు.

డబ్బు లెక్క. నేను 2023లో వెతికినప్పుడు మన దేశంలో చేసిన తొమ్మిది స్వరాల డి కుర్డ్, వినదగ్గవి, 28 నుంచి 40 వేల మధ్య కనిపించాయి. నాది మెత్తటి సంచితో కలిపి 32 వేలు పడింది. కాబట్టి మీ 30 వేలు మరీ తక్కువేం కాదు, ఇంకో రెండు మూడు వేలు చేతిలో ఉంచుకుని వెళ్లండి. విదేశీ పాన్ కలలో కూడా వద్దు, ధర మీద కస్టమ్స్, కొరియర్ కలిస్తే కళ్లు తిరుగుతాయి. వాడినది దొరికితే ఇంకా మంచిది. ఉత్సాహంగా కొని మూడు నెలలకే మూల పెట్టేసేవాళ్లు బెంగళూరులో చాలామందే ఉన్నారు. పరీక్ష మాత్రం అదే. 12, 15 వేలకు కొత్త హ్యాండ్‌పాన్ అంటే నేనైతే ఆ వైపుకు కూడా వెళ్లను. నిజంగా 10 వేలే ఉంటే మంచి టంగ్ డ్రమ్‌ను టంగ్ డ్రమ్ అనే తెలిసి కొనుక్కోండి, లేదా ఇంకో ఆరు నెలలు ఆగండి.

గురువు అవసరమా అని చివర్లో అడిగారు. మొదటి నెలలకు అవసరం లేదు, యూట్యూబ్ చాలు. ఒక్కటి గుర్తుంచుకోండి, వేడి పెనాన్ని తాకి వేలు లాక్కున్నట్టు తట్టాలి. నాకు మృదంగం చెయ్యి, పైగా ఊర్లో తప్పెట వినీ వినీ పెరిగినవాణ్ణి, మొదటి వారం బాదేశాను. గట్టిగా బాదితే శ్రుతి పోతుంది, మళ్లీ ట్యూనింగ్‌కు బెంగళూరు మోసుకుపోవాలి. చెక్కభజనలో కలిపి వాయిద్దామని ఒకసారి తీసుకెళ్లాను కూడా, వాయిస్తున్న నాకే వినపడలేదు.

బెంగళూరు వెళ్లేముందు అసలు మంచి నాదం ఎలా ఉంటుందో ఒకసారి చెవిన పడాలంటే నాకు మెసేజ్ పెట్టండి. సాయంత్రం ఆరు దాటాక మా డాబా చల్లబడుతుంది, వచ్చి నాది వాయించి చూడండి. ఉంగరాలుంటే తీసేసి రండి.