లాటిన్ రాని ఎల్‌ఎల్‌బీ విద్యార్థి కానన్ లా చరిత్రలో పీహెచ్‌డీ చేయగలడా?

మీ ప్రశ్న ఇది: ఎల్‌ఎల్‌బీ అయింది, 16–18 శతాబ్దాల చట్ట చరిత్ర మీద, అందులోనూ కతోలిక శ్రీసభ చట్టం (కానన్ లా) మీద పరిశోధన చేయాలని ఉంది. క్రైస్తవులు కారు, లాటిన్ రాదు. అవకాశాలు ఉన్నాయా?

ఉన్నాయి. నాదీ గుంటూరు వైపే, నేనూ క్రైస్తవుణ్ణి కాను. లాటిన్ మొదలుపెట్టేసరికి ఇరవయ్యారేళ్లు. ఇన్నేళ్లలో నా మతం గురించి ఏ ఆర్కైవ్‌లోనూ ఎవరూ అడగలేదు. "మీ ప్రశ్న ఏంటి?" అని మాత్రం ప్రతిచోటా అడిగారు. నేను మొదట దెబ్బ తిన్నది అక్కడే.

"ట్రెంట్ మహాసభ తర్వాత వివాహ చట్టంలో మార్పులు" అని ఒక ప్రపోజల్ రాసి యూరప్‌లో ఒక యూనివర్సిటీకి పంపాను. 1545 నుంచి 1563 దాకా జరిగిన ఆ సభ, విచారణ గురువు (ఆ ఊరి చర్చి ఫాదర్), ఇద్దరు సాక్షులు లేకుండా చేసుకున్న పెళ్లి చెల్లదని చివరి ఏడాది తీర్మానించింది. దాని మీద యూరప్‌లో గుట్టలకొద్దీ పుస్తకాలున్నాయి. వాళ్లు రెండు లైన్లలో వద్దన్నారు. చాలా రోజులు కోపంగా ఉంది కానీ, ఇప్పుడు చదివితే నేనైనా వద్దనేవాణ్ణే.

అసలు ప్రశ్న మా వీధిలోనే దొరికింది. మా ఇంటి ఎదురుగా ఉండే కతోలిక పెద్దమ్మ తాళిబొట్టు మీద సిలువ ఉండేది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఒక రోజు 1704లో పోపు ప్రతినిధి తూర్నోన్ పాండిచ్చేరిలో ఇచ్చిన డిక్రీ చదువుతుంటే ఆ తాళి కనిపించింది! పిళ్లైయార్ (వినాయకుడి) బొమ్మ ఉన్న తాళి కట్టకూడదు, కావాలంటే సిలువో, మేరీమాత బొమ్మో ఉన్నది కట్టుకోవచ్చు అని అందులో ఉంది. నూట ఎనిమిది పోగుల పసుపు తాడు కూడా వద్దన్నారు. ఆ డిక్రీ మదురై, మైసూరు మిషన్లతో పాటు కర్ణాటిక్ మిషన్‌కూ వర్తించింది. కర్ణాటిక్ మిషన్ అంటే పుంగనూరు లాంటి తెలుగు ఊళ్లలో పాండిచ్చేరి నుంచి వచ్చిన ఫ్రెంచి జెస్యూట్ (యేసు సభ) గురువులు పనిచేసినది.

క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు స్థానిక ఆచారాలు పాటించవచ్చా అన్న ఈ గొడవను మలబార్ ఆచారాల వివాదం అంటారు. అందులో నాకు బాగా నచ్చిన భాగం ఎంగిలి. జ్ఞానస్నానంలో గురువు తన లాలాజలం తాకించే పద్ధతి ఒకటి ఉండేది. మనవాళ్లకు అది ఎంగిలి, ఒప్పుకుంటారా? అందుకని మిషనరీలు దాన్ని వదిలేశారు. తూర్నోన్ వదలడానికి వీల్లేదన్నాడు. దాని మీద రోములో దశాబ్దాల పాటు వాదనలు నడిచాయి. 1744లో పోపు 14వ బెనెడిక్ట్ శాసనం వచ్చాక గానీ కేసు ఒక కొలిక్కి రాలేదు.

దీన్ని మత చరిత్ర అనుకుని వదిలేయకండి, ఇది అచ్చంగా లా విద్యార్థి పని. తాళి మతాచారమా, లౌకికాచారమా? ఆచారం ఎప్పుడు చట్టానికి ఎదురు నిలుస్తుంది? 1234లో పోపు 9వ గ్రెగరీ విడుదల చేసిన 'లీబెర్ ఎక్స్‌ట్రా' అనే కానన్ లా సంపుటిలో ఆచారం మీద ఒక శీర్షికే ఉంది. దాని చివరి అధ్యాయం ప్రకారం ఆచారం సహేతుకంగా ఉండాలి, చట్టం కోరినంత కాలం నడిచి ఉండాలి. ఇక మన 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 3 తీయండి: చాలాకాలంగా ఒకే తీరున పాటిస్తూ ఉండాలి, నిశ్చితంగా ఉండాలి, అసమంజసంగా ఉండకూడదు. ఈ పోలిక లా చదివినవాడికి వెంటనే తడుతుంది. చరిత్ర ఎంఏ చేసిన నా స్నేహితుడికి అరగంట విడమర్చి చెప్పాల్సి వచ్చింది. మీ ఎల్‌ఎల్‌బీ ఉపయోగపడేది ఇక్కడే.

ఆ అధ్యాయం దగ్గర నేను పడ్డ అవస్థ కూడా చెప్తాను, మీకు రెండు వారాలు మిగులుతాయి. పాత పుస్తకాల మార్జిన్‌లో "క్యాప్. ఫిన్. ఎక్స్‌ట్రా దె కాన్సుయెట్." లాంటి ముక్కలుంటాయి. నేను 'ఎక్స్‌ట్రా' అంటే మనం రోజూ అనే ఎక్స్‌ట్రానే, రచయిత అదనంగా ఏదో చెప్తున్నాడు అనుకుని దాటేస్తూ పోయాను. నిజానికి అది పుస్తకం పేరు! లీబెర్ ఎక్స్‌ట్రా, ఆచారం అనే శీర్షిక, చివరి అధ్యాయం అని చదవాలి. ఆ రోజుల్లో నంబర్లు వేయకుండా ఇలా రాయడమే అలవాటు. ఇప్పటివాళ్లు అదే పుస్తకానికి ఇంగ్లీషు ఎక్స్ అక్షరం ఒక్కటే వేస్తారు, దాన్నేమో రోమన్ అంకె పది అనుకున్నాను. 1879–81లో ఫ్రీడ్‌బెర్గ్ అనే పండితుడు అచ్చు వేయించిన ప్రతి దగ్గర పెట్టుకుంటే అధ్యాయం మొదటి మాటలను బట్టి దేన్నయినా వెతికి పట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది.

లాటిన్ నాకు నేర్పింది సెమినరీలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక ఫాదర్ గారు. ఆదివారం పూజ అయ్యాక గంటన్నర చెప్పేవారు, ఫీజు తీసుకునేవారు కాదు. మీ ఊరి బిషప్ గారి పీఠం (డయోసిస్) ఆఫీసులో అడిగి చూడండి, ఇలాంటి పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. కానన్ లా లాటిన్ కావ్యాల లాటిన్ అంత కష్టం కాదు, అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఏడాదిన్నరలో నిఘంటువు పెట్టుకుని చదవగలిగాను. గోవా వైపు వెళ్తే పోర్చుగీసు, పాండిచ్చేరి వైపు వెళ్తే ఫ్రెంచి కూడా కావాలి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి టెన్షన్ పడొద్దు. ముందు లాటిన్.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. బెంగళూరు సెయింట్ పీటర్స్ లాంటి చోట్ల కానన్ లాలో డిగ్రీ ఇస్తారు కదా, అందులో చేరదామనుకుంటారు. ఆ చదువు ఇప్పటి శ్రీసభ కోర్టుల్లో పనిచేయడానికి. మీకు కావలసింది చట్ట చరిత్ర. దానికి ముందు చూడాల్సింది ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మాక్స్ ప్లాంక్ చట్ట చరిత్ర సంస్థ. 1964లో పెట్టారు. పేరులో ఉన్న 'యూరోపియన్' అన్న మాటను 2021లో తీసేశారు. స్పానిష్ అమెరికా, ఫిలిప్పీన్స్‌లలో కానన్ లా ఎలా నడిచిందో ఒక నిఘంటువే తయారుచేస్తున్నారు. అంటే యూరప్ బయటి ప్రశ్నతో వెళ్తే కూర్చోబెట్టి వింటారు. ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది. అమెరికాలో బర్కిలీ లా స్కూల్ రాబిన్స్ కలెక్షన్ కూడా మంచి చోటు. పీహెచ్‌డీ సీటు కోసమే కాచుకుని కూర్చోకుండా, కొన్ని నెలల విజిటింగ్ స్కాలర్‌షిప్‌లకు, సమ్మర్ స్కూళ్లకు ముందు పెట్టుకోండి. నాకు తలుపు తెరిచింది అలాంటి చిన్న స్కాలర్‌షిప్పే.

వీసా, టికెట్ లేకుండా చేయగలిగిన పనీ ఉంది. లిస్బన్ తోర్రె దొ తోంబో ఆర్కైవ్ ఇన్‌క్విజిషన్ (మత విరుద్ధ నేరాలను విచారించిన శ్రీసభ కోర్టు) కేసుల కాగితాలను చాలావరకు స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. గోవా ఇన్‌క్విజిషన్ రికార్డులు మాత్రం చాలామటుకు నాశనమైపోయాయి, దాని మీదే ఆశ పెట్టుకోకండి. పణజీలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, రైల్లో వెళ్లి రావచ్చు. రోములో హోలీ ఆఫీస్ (ఇన్‌క్విజిషన్ నడిపిన పోపు కార్యాలయం) పాత కాగితాలను 1998లో పరిశోధకులకు తెరిచారు. డిగ్రీ, ఒక ప్రొఫెసర్ గారి ఉత్తరం ఉంటే చూడనిస్తారు.

ఉద్యోగం సంగతి: మన దేశంలో "కానన్ లా చరిత్ర" అని పోస్టు పడదు. లా కాలేజీలో ఫ్యామిలీ లా చెప్పుకుంటూ ఇది చేస్తున్నాను. ఇంట్లోవాళ్లకు ఈ మాట ముందే చెప్పేయండి. మా నాన్న ఇప్పటికీ "ఇంతకీ నువ్వు చదివేది లాయా, బైబిలా?" అంటుంటారు.

ప్రపోజల్‌కు ప్రశ్న కావాలంటే ఆ 1704 డిక్రీనే మళ్లీ తీయండి. ఆడపిల్ల సమర్తాడితే చేసే వేడుక గురించి ఒక అంశం ఉంది. బయటచేరిన ఆడవాళ్లను గుడికీ, పాపసంకీర్తనానికీ (కన్ఫెషన్‌కు) రానివ్వకపోవడం తప్పని ఇంకొకటి. నేను తాళి దగ్గరే ఆగిపోయాను, ఆ రెండూ నా ఫైల్లో అలాగే పడి ఉన్నాయి.