గవర్నరు ఇచ్చిన ముప్పై రోజులు

తమ్ముడూ,

ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావును గవర్నరు బర్తరఫ్ చేసిన 1984 ఆగస్టు సంక్షోభం మీద నీ వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే "గవర్నర్ రాంలాల్ ప్రజల నాడి పట్టుకోలేకపోయారు" అని తీర్పు చెప్పేశావు. ఇక మిగతా ఆరు పేజీలూ ఎవరైనా ఎందుకు చదవాలి? ఆ వాక్యం కొట్టెయ్. ఏ లెక్క చూసుకుని పొరబడ్డారో చూపించు.

ఒక నోటుబుక్కు తీసుకుని ఆగస్టు 14 నుంచి సెప్టెంబర్ 16 దాకా రోజుకో పేజీ కేటాయించు. ఎడమవైపు ఆ రోజుకి రాజ్‌భవన్‌కి తెలిసినవి, కుడివైపు బజారులో జరిగినవి. ప్రతి సంగతి పక్కనా అది ఏ తేదీ పేపర్లో దొరికిందో రాసుకో. మర్నాడు పేపర్లో పడ్డదాన్ని గవర్నరుకి ముందురోజే తెలిసినట్టు రాశావు, రెండో పేజీలో. ఇలాంటి రాతల్లో ఎక్కువమంది జారేది అక్కడే.

రామారావు గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి 14న దిగారు. 16న బర్తరఫ్. అదే రోజు తెలుగుదేశంలోంచి చీలిన నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రిగా ప్రమాణం. బలం నిరూపించుకోవడానికి 30 రోజుల గడువు. నీ వ్యాసం మకాం వేయాల్సింది ఈ ముప్పై దగ్గర. నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు. ఎమ్మెల్యేలను తిప్పుకోవడానికి నెల గడువు పనికొస్తే, కాపాడుకోవడానికీ అదే నెల పనికొస్తుంది కదా! రామారావు తన ఎమ్మెల్యేలను రామకృష్ణా స్టూడియోలో ఉంచారు, ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి జైల్ సింగ్ ముందు నిలబెట్టారు, ఆపైన జనతా పార్టీ హెగ్డే ప్రభుత్వం ఉన్న కర్ణాటకకు తరలించారు. సభలో రెండు మూడు రోజుల్లో తేలిపోవాల్సిన గొడవ నెలంతా వీధిలో నలిగింది. ఆ నెల తిరక్కముందే రాంలాల్ వెళ్లి గవర్నరుగా శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబర్ 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి.

రాంలాల్ మనసులో దూరి మాటలు రాయకు. ఢిల్లీ ఆడించిందా, ఆయన సొంత నిర్ణయమా అన్నదానికి కాగితం చేతిలో ఉంటే రాయి, లేకపోతే చేసిన పనీ తేదీ చాలు.

"జనం భగ్గుమన్నారు" అని నాలుగుచోట్ల ఉంది. ఏ ఊళ్లో? బంద్ నాడు బస్సులు తిరిగాయా, కొట్లు తామంతట తామే మూశారా, మూయించారా? రెండింటికీ చాలా తేడా.

ఇక ముగింపులో "దేశమంతటా వీచిన గాలి" అన్నావు. ఆ డిసెంబర్ లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ దేశంలో 400 దాటింది, ఇక్కడ మాత్రం 42 స్థానాల్లో 30 తెలుగుదేశానివి. 1977లో సరిగ్గా తిరగబడింది: అక్కడ ఇందిర ఓడితే ఇక్కడ 42కి 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్కటీ నంద్యాల, జనతా పార్టీ నీలం సంజీవరెడ్డిది. కాబట్టి గాలి అని రాసినప్పుడల్లా ఏ గాలో, ఎక్కడిదో చెప్పు.

ముందు ఆగస్టు 16 పేజీ ఒక్కటి తిరగరాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

మీ అన్నయ్య