కొత్త ఎలక్ట్రీషియన్‌కు మొదటి కాంట్రాక్టు: పొదుపంతా పెట్టేయవచ్చా?

ప్రశ్న: ఎలక్ట్రీషియన్‌గా ఇటీవలే అర్హత పత్రం తెచ్చుకున్నాను. సొంతంగా కాంట్రాక్టులు చేయాలని ఉంది. ఎనిమిది నెలల ఇంటి ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. ఒక బిల్డరు సరుకుతో సహా భవనం మొత్తం వైరింగ్ ఇస్తానంటున్నారు. బిల్లు పెట్టిన 60 రోజులకు చెల్లిస్తారట. పొదుపంతా ఇందులో పెట్టి, వాహనానికి అప్పు తీసుకోవచ్చా?

జవాబు: ఆ పనిని సరుకుతో సహా ఒప్పుకోకండి. లెక్క చూస్తే కారణం మీకే తెలుస్తుంది. నెలకు సరుకు 100, కూలి 40 అనుకుందాం. మొదటి నెల బిల్లు నెలాఖరున పెడితే ఆ డబ్బు వచ్చేది మూడో నెల చివర్లో. దుకాణంవాళ్లు 30 రోజుల అరువు ఇచ్చినా, అప్పటికి రెండు నెలల సరుకుకు 200, మూడు నెలల కూలికి 120, మొత్తం 320 మీ చేతి నుంచి వెళ్లిపోయి ఉంటుంది. బిల్లు ఇంకో పదిహేను రోజులు ఆలస్యమైతే నాలుగో నెల కూలీ మీదే పడుతుంది. దీనికి తోడు ప్రతి బిల్లులో 5 నుంచి 10 శాతం హామీ సొమ్ముగా ఆపుకోవడం ఈ రంగంలో మామూలే. మీ నికర లాభమే 10 శాతమైతే, సగమో మొత్తమో నెలల తరబడి అవతలివాళ్ల దగ్గరే ఉండిపోతుంది. చేతినిండా పని ఉండగానే కొత్త కాంట్రాక్టర్లు మునిగేది ఇక్కడే.

కాబట్టి బిల్డరును లేబర్ కాంట్రాక్టు అడగండి. సరుకు ఆయనే కొనాలి, పని మీది. బిల్లు దశలవారీగా ఉండాలి: స్లాబులో పైపులు పరిచాక, గోడలు కొట్టి బాక్సులు బిగించాక, వైర్లు లాగాక, స్విచ్‌లు, డిస్ట్రిబ్యూషన్ బోర్డు (కరెంటును సర్క్యూట్లకు పంచే పెట్టె) పెట్టాక, చివరగా టెస్టింగ్‌కు. ఒక దశ డబ్బు అందాకే తర్వాతి దశ మొదలుపెడతానని ఒప్పందంలో రాయించండి. కాంక్రీటు పోయడానికి ముందే పైపుల మూతులు బిగించి ఫొటోలు తీసుకోండి. పోసేటప్పుడు ఎవరో తొక్కి జాయింటు ఊడితే సిమెంటు పాలు లోపలికి పోయి గట్టిపడతాయి. వైరు దిగనప్పుడు గానీ సంగతి బయటపడదు. ఫొటో లేకపోతే గోడ తవ్వి కొత్త పైపు వేసే ఖర్చు మీదేనంటారు. నోటిమాటగా అడిగే అదనపు పాయింట్లూ అంతే: రేటు రాసి పంపి, సరే అని జవాబు వచ్చాకే చేయి పెట్టండి.

పొదుపులో ఆరు నెలల ఇంటి ఖర్చు వేరే ఖాతాలో ఉంచి, దాన్ని ముట్టకండి. మిగతా రెండు నెలల సొమ్మే మీ పెట్టుబడి. అందులో మొదట చేతి పనిముట్లు, వెంటనే టెస్టింగ్ మీటర్లు. మల్టీమీటర్ ఒక్కటే చాలదు. వైరు తెంపకుండానే కరెంటు కొలిచే క్లాంప్ మీటర్, వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతుందేమో చూడడానికి 500 వోల్టుల డీసీ ఇచ్చే ఇన్సులేషన్ టెస్టర్ ఉండాలి. ఆర్‌సీడీ (లీకేజీ వస్తే కరెంటు ఆపే స్విచ్), ఎర్త్ లూప్ (లోపం వస్తే కరెంటు ఎర్త్ గుండా తిరిగి పోయే దారి) టెస్టర్లు మొదట్లో అద్దెకు తెచ్చుకోవచ్చు. మామూలు ఇంటి సర్క్యూట్లకు ఐఈసీ 60364 అనే అంతర్జాతీయ వైరింగ్ ప్రమాణం ప్రకారం ఇన్సులేషన్ రీడింగ్ కనీసం 1 మెగాఓమ్ రావాలి. ఆ పరీక్షకు ముందు ఎల్ఈడీ డ్రైవర్లు (ఆ దీపాలకు తగిన కరెంటు ఇచ్చే భాగాలు), ఇతర ఎలక్ట్రానిక్ పరికరాలు విడదీయడం మరిస్తే అవి కాలిపోయే ప్రమాదం ఉంది, వాటి ఖరీదు మీరే కట్టాలి. రీడింగులు రాసిన కాగితం ఇచ్చేవాళ్లకే చివరి బిల్లు త్వరగా వస్తుంది.

రేటు విషయంలో చాలామంది రోజుకు ఎనిమిది గంటలు అమ్ముకుంటామనే లెక్క వేస్తారు. చూసి రావడం, కొటేషన్, సరుకు తేవడం, బాకీ వసూలు పోగా ఐదు గంటలు మిగిలితే మంచిదే. సెలవులు, జబ్బులు తీసేస్తే ఏడాదికి 46 వారాలు, వారానికి ఆరు రోజులు, రోజుకు ఐదు గంటలు: 1,380 గంటలు. ఇంటి ఖర్చు, పన్ను, బీమా, పనిముట్ల అరుగుదల, పొదుపు అన్నీ కలిపి 1,380తో భాగించండి. అంతకంటే తక్కువకు చేసే ప్రతి గంటా మీ పొదుపును తింటుంది.

చిన్న పనులకు సరుకు మీరే తెస్తే ఖర్చు మీద 25 శాతం వేసుకున్నారనుకోండి, అమ్మకంలో లాభం 20 శాతమే. 100 ఖర్చుకు 125 చెప్పి, బేరంలో 10 శాతం తగ్గిస్తే పోయేది 12.50, అంటే సరిగ్గా సగం లాభం. తగ్గించాల్సి వస్తే పనిలోంచి ఏదైనా తీసేసి తగ్గించండి. వైరు కొలతలోనూ ఇలాగే పోతుంది. ప్లానులో బోర్డు నుంచి ఏసీ పాయింటుకు తిన్నగా 9 మీటర్లు కనిపిస్తుంది. పైపు దారిలో ఎక్కి దిగేసరికి 14 అవుతుంది. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ కలిపి 27 అనుకున్నది 42 మీటర్లు. తరుగు కింద ఇంకో 10 శాతం కలపండి. రాగి ధర ఊగుతుంటుంది కనుక కొటేషన్ మీద 15 రోజుల గడువు వేయండి.

సంతకం పెట్టే ముందు ఒకటి చూసుకోండి: చాలా చోట్ల పనివాడి అర్హత పత్రం వేరు, కాంట్రాక్టర్ లైసెన్సు వేరు. రెండోది లేకుండా చేసిన పనికి కనెక్షన్ ఆగిపోవచ్చు, బీమా క్లెయిమూ తిరస్కరించవచ్చు. ఇతరులకు జరిగే నష్టానికి లయబిలిటీ బీమా, మీకు ప్రమాదం జరిగి పని చేయలేకపోతే ఆదాయం ఇచ్చే పాలసీ, సహాయకుణ్ని పెట్టుకుంటే అతనికీ రక్షణ. ఇవి వాహనం కంటే ముందు.

వాహనానికి ఇప్పుడే అప్పు వద్దు. సరుకు ఉన్న రోజు అద్దెకు తీసుకోండి. ఆరు నెలల పాటు బిల్లులు గడువులోగా వసూలై, ఒక్క బిల్డరు వాటా మీ ఆదాయంలో మూడో వంతు దాటకుండా ఉంటే, అప్పుడు వాడిన వాహనం ఒకటి చూడండి. దాని నెలసరి కిస్తీ మీ అతి తక్కువ ఆదాయం వచ్చిన నెలలో కూడా కట్టగలిగేంతే ఉండాలి.