ప్రోబయోటిక్ పాల పానీయాలకు పెట్టే ఖర్చు తగినదేనా?

మేలు చేసే సజీవ బ్యాక్టీరియా ఉండే ఈ పానీయాలను ఆరోగ్యంగా ఉన్నవారు రోజూ కొనవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. మన దుకాణాల్లో దొరికే యాకుల్ట్‌నే తీసుకుంటే, 65 మిల్లీలీటర్ల సీసాలో 650 కోట్లకు పైగా షిరోటా రకం బ్యాక్టీరియా ఉంటుందని తయారీదారులు చెబుతారు. 1930లో జపాన్ శాస్త్రవేత్త మినోరు షిరోటా వృద్ధి చేసిన ఈ రకం జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తట్టుకొని పేగులకు చేరుతుంది గానీ, అక్కడ శాశ్వతంగా స్థిరపడదు కనుక తాగడం మానేస్తే క్రమంగా కనుమరుగవుతుంది. పేగులకు చేరినంత మాత్రాన రోగనిరోధక శక్తి పెరిగినట్లు కాదు. ఇది శ్వాసమార్గ రక్షణకు తోడ్పడుతుందన్న వాదనకు తగిన ఆధారం లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో తేల్చింది. సాధారణ యాకుల్ట్‌లో చక్కెర కూడా కలుపుతారు కాబట్టి మధుమేహం ఉన్నవారు సీసాపై వివరాలు తప్పక చదవాలి.

ఇంట్లో తోడుపెట్టిన పెరుగులోనూ సజీవ లాక్టిక్ బ్యాక్టీరియా ఉంటుంది. అది ఏ రకమో, ఎంత ఉందో చెప్పలేకపోయినా, అదే డబ్బుకు మాంసకృత్తులు, కాల్షియం ఎంతో ఎక్కువగా లభిస్తాయి. మజ్జిగ పులుసుగా మరిగిస్తే మాత్రం ఆ సూక్ష్మజీవులు చనిపోతాయి.

యాంటీబయాటిక్స్ వల్ల వచ్చే విరేచనాలను కొన్ని ప్రోబయోటిక్ రకాలు తగ్గిస్తాయనడానికి ఆధారాలున్నాయి. అప్పుడు ఏ రకం, ఎన్నాళ్ళు అన్నది వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి, రోగనిరోధక శక్తి బాగా క్షీణించినవారు అడగకుండా అసలు వాడకూడదు.