లిఫ్టు ముందు, సోకులు తర్వాత

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ దూరప్రయాణాల టూరింగ్ బైకుకు కావాలని నువ్వు పంపిన లిస్టు రెండుసార్లు చదివాను. పొడుగు విండ్‌షీల్డు, అదనపు లైట్లు, వేడెక్కే గ్రిప్పులు, జెల్ సీటు, క్రాష్ గార్డులు, మూడు లగేజీ పెట్టెలు, ఫోన్ మౌంటు, ఇంకా ఏవేవో. అన్నిటికంటే అడుగున, మొహమాటానికి రాసినట్టు, "ఇంట్లో లిఫ్టు, వీలైతే" అని ఉంది, అదే, బండిని నేల మీద నుంచి లేపి నిలబెట్టే సాధనం. ఆ వరస ఒక్కటే నాకు నచ్చలేదు. అడుగున ఉన్నదాన్ని తీసుకెళ్లి పైన పెట్టు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకంటావా? కొన్న దగ్గర్నుంచి నువ్వు చూస్తున్నది బండి ట్యాంకు, మీటరు, అద్దాలు. దూరప్రయాణంలో బండి ఏడిపించేది మాత్రం ఎక్కువగా కింది నుంచి. ముందు చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ని రెండు వేళ్లతో ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా తిప్పి చూడు. నడిమధ్యకు రాగానే చిన్న గాడిలో పడ్డట్టు ఆగితే స్టీరింగు బేరింగులు అరిగాయన్నమాట. ఫోర్కులను, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు గొట్టాలను, అడుగున పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే టక్కుమని తగిలిందా, ఆ స్టీరింగు బేరింగులు లూజయ్యాయి. చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపితే కదలిక తెలిసిందా, చక్రం బేరింగు పని అయిపోవచ్చింది. బండి నేల మీద నిలబడి ఉంటే వీటిలో ఒక్కటీ ఇంత తేలిగ్గా బయటపడదు. ఈ పావుగంట పని చేయకుండా కొత్త సామాను బిగించడమంటే, పునాది చూడకుండా మేడ మీద గది వేయడమే.

ఇక ఏ లిఫ్టు అంటే, చేసే పనిని బట్టి. చైనుకి నూనె వేయడానికీ, వెనక చక్రం తిప్పి చూడడానికీ ఆ చక్రాన్ని కాస్త లేపి నిలబెట్టే ప్యాడాక్ స్టాండు చాలు. సెంటర్ స్టాండు ఉన్న బండికి అదీ అక్కర్లేదు. కత్తెరలా తెరుచుకునే జాకీ చిన్న జాగాలో ఇమిడిపోతుంది, కానీ అది అన్ని బళ్లకూ సరిపడదు. దాని మీద ఆనాల్సింది ఛాసిస్ గొట్టాలు. చాలా టూరింగ్ బళ్లకు ఇంజిన్ అడుగున సైలెన్సరు పైపులో, ఆయిల్ ఫిల్టరో, ఇంజిన్ నూనె నిలిచే ఆయిల్ సంపో ముందుగా తగులుతాయి. బండి బరువంతా సంపు మీద పడితే అది పగులుతుంది. అలాంటి బండికి సరిపోయేలా జాకీకీ బండికీ మధ్య పెట్టే అడాప్టరు ప్లేటు దొరికితేనే ఈ జాకీ కొను. బండిని మొత్తంగా ఎక్కించి పైకి లేపే బల్ల లాంటి లిఫ్టు జాగా తింటుంది, కానీ పని నీ నడుము ఎత్తుకు వస్తుంది. నా వయసొచ్చాక దాని విలువ నీకూ తెలుస్తుంది. దాంట్లో వెనక చక్రం కిందకు జారేలా తీసేసే పలక ఉందో లేదో చూసుకో. అది లేకపోతే బండి పైకి లేస్తుంది కానీ చక్రం ఊడిరాదు.

లిఫ్టు మీద రాసి ఉన్న బరువునీ, నీ బండి బరువునీ పక్కపక్కన పెట్టి చూడు. ఇలాంటి బల్లలు చాలావరకు 450 కిలోలు మోస్తాయని అమ్ముతారు. పెట్టెలతో వచ్చే పెద్ద హోండా గోల్డ్ వింగ్ లాంటి బండి ఒక్కటే 350 కిలోలు దాటుతుంది. పెట్టెల్లో సామాను ఉంటే దింపేశాకే ఎక్కించు. కింద గచ్చు గట్టిగా, సమంగా ఉండాలి. వాలుగా ఉన్న చోట, ఇటుకలు పరిచిన చోట, మట్టి మీద లిఫ్టు పెట్టడమనే ఆలోచనే వద్దు.

ఇప్పుడు నా ఘనకార్యం ఒకటి చెప్తా, మీ అత్తయ్య ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్వుతుంది. కత్తెర జాకీ మీద బండి లేపాను, చక్కగా నిలబడింది. వెనక యాక్సిల్, అదే చక్రం ఇరుసు, నట్టు బిగుసుకుపోయింది. పానాకి ఒక పొడుగు పైపు తొడిగి, కాలు తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి లాగాను. నట్టు కదల్లేదు, బండి కదిలింది. ఏనుగు పక్కకు ఒరిగినట్టు నింపాదిగా ఒరిగింది. నేను పట్టుకోబోయాను, అది అన్నిటికంటే పెద్ద తప్పు. అదృష్టం బాగుండి కాలు బయటే ఉంది. ఒక పెట్టె మూత, క్లచ్ లివరు, ఒక అద్దం పోయాయి, వారం రోజులు భుజం పైకి లేవలేదు. పైకి లేచిన బండి ఒరగడం మొదలైతే వెనక్కి తప్పుకో, పడనివ్వు. దాన్ని ఆపేంత బలం మన ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ రోజు నుంచి గట్టిగా బిగుసుకున్న నట్టు ఏదైనా సరే, రెండు చక్రాలూ నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేసి, ఆ తర్వాతే బండి లేపుతున్నాను. తిరిగి బిగించేటప్పుడు దానికి తలకిందులు. చేత్తో సరిపడా బిగించి, బండి దింపాక బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచ్‌తో చివరి బిగింపు. ఇంకో సంగతి, చక్రం విప్పగానే బరువు చోటు మారుతుంది. వెనక చక్రం తీస్తే బండి ముక్కు మీదకి వాలుతుంది, ముందు చక్రం తీస్తే వెనక్కి కూర్చుంటుంది. ఏది విప్పబోతున్నావో ముందే అనుకుని, దానికి తగ్గట్టు జాకీ కాస్త ముందుకో వెనక్కో పెట్టు, మిగిలిన చక్రాన్ని కట్టేయి.

కట్టేది నాలుగు రాచెట్ పట్టీలతో, నాలుగు మూలలకు, ఒకదాన్నొకటి వ్యతిరేకంగా లాగేలా. ముందు పట్టీలు హ్యాండిల్‌కి కాదు, ఫోర్కులను పట్టుకుని ఉండే కింది క్లాంపుకి వేయి. ఫోర్కు కొద్దిగా దిగితే చాలు, పూర్తిగా అదిమేయకు. ముందు బ్రేకు లివరుకు చిన్న పట్టీ బిగించి ఉంచితే ముందు చక్రం దొర్లదు. బల్ల మీదకు బండిని స్టార్ట్ చేసి కూర్చుని నడిపి ఎక్కించే ఘనులను చూశాను. పైన ఆగాక కాలు ఆనించడానికి చోటుండదని వాళ్లకు అప్పుడు గుర్తొస్తుంది. దిగి, పక్కన నడుస్తూ ఎక్కించు, అవతల పక్క ఒక మనిషిని నిలబెట్టు.

పైకి లేపాక సేఫ్టీ లాక్ పడిందో లేదో కళ్లతో చూడు, చప్పుడు విని నమ్మకు. ఎత్తేది లిఫ్టు లోపలి నూనె ఒత్తిడి, నిలబెట్టేది లాక్ ఇనుము. సీల్ కారిందంటే నూనె ఒక్కసారిగా దిగిపోతుంది, లాక్ లేకపోతే బండి నీ చేతుల మీదకే వస్తుంది.

సరే, లిఫ్టు వచ్చింది అనుకుందాం. ఇప్పుడు నీ లిస్టు.

సోకులంటే నాకు చిన్నచూపు అనుకోకు. 1975లో వచ్చిన మొదటి గోల్డ్ వింగ్‌కు ముందు గాలిని ఆపే కవచమే లేదు, లగేజీ పెట్టెలూ లేవు. నడిపేవాళ్లే అమెరికా డిజైనరు క్రెయిగ్ వెట్టర్ చేసిన విండ్‌జామర్ లాంటి ఫెయిరింగులు, అంటే ఆ గాలి కవచాలు, కొని తగిలించుకున్నారు. ఆఖరికి 1980లో హోండానే ఫెయిరింగూ పెట్టెలూ బిగించిన ఇంటర్‌స్టేట్ మోడల్‌ను అమ్మకానికి పెట్టింది. అంటే ఈ రోజు మనం టూరింగ్ బండి అంటున్న ఆ రూపం కంపెనీకి నేర్పింది రోడ్డు మీద తిరిగిన రైడర్లే. వాళ్లకు ముందు ఛాతీకి గాలి కొట్టింది, తర్వాత కవచం కొన్నారు. నువ్వు కవచం కొనేసి గాలి కోసం చూస్తున్నావు.

అందుకని ముందు బండి ఎలా ఉందో అలాగే ఒక పూర్తి రోజు నడుపు. సాయంత్రం దిగగానే ఎక్కడ నొప్పి ఉందో రాసిపెట్టు. మణికట్టు నొప్పెడితే హ్యాండిల్ సంగతి, మోకాలు అయితే ఫుట్‌పెగ్ సంగతి, పిరుదులైతే సీటు సంగతి. విండ్‌షీల్డుకు ఒక సులువు పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డు మీద నీ మామూలు వేగంలో సీటు మీద నుంచి కొద్దిగా పైకి లేచి చూడు, ఆ తర్వాత కొద్దిగా వంగి చూడు. లేచినప్పుడు తల చుట్టూ మోత ఆగిపోతే పొట్టి షీల్డు కావాలి, వంగినప్పుడు ఆగితే పొడుగుది కావాలి. ఏదైనా దాని పై అంచు నీ ముక్కు ఎత్తు దగ్గర ఉండేలా చూసుకో. వానలో, రాత్రిపూట దాని మీదుగా రోడ్డు కనపడాలి కానీ దానిలోంచి కాదు.

హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్లు వేశావనుకో, కేబుళ్లూ బ్రేకు పైపులూ సరిపోతున్నాయో లేదో తప్పక చూడాలి. ఇంజిన్ న్యూట్రల్‌లో నడుస్తుండగా హ్యాండిల్‌ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పు. ఎక్కడైనా ఇంజిన్ శబ్దం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోందని అర్థం. ఆ బండిని మలుపులో ఊహించుకో, నీకే చెమటలు పడతాయి.

బరువు లెక్క మాత్రం బద్ధకించకుండా కాగితం మీద వెయ్యి. బండి ఎంత మోయగలదో మాన్యువల్లో ఉంటుంది, చాలా పెద్ద బళ్లకు అది 200 కిలోలకు అటూ ఇటూనే. నువ్వు 80, వెనక కూర్చునేవాళ్లు 60, ఇద్దరి జాకెట్లూ హెల్మెట్లూ 15, ఇక్కడికే 155 అయింది. క్రాష్ గార్డులు, పెట్టెల ఫ్రేములు, ఖాళీ పెట్టెలు కలిపి ఇంకో 20 అనుకో. బట్టలకూ పనిముట్లకూ మిగిలింది 25. అందులోనూ బరువైనవి కిందా, ముందుకూ ఉండాలి. టాప్ బాక్స్ వెనక యాక్సిల్‌కి వెనకాల, ఎత్తులో వేలాడుతుంది. దాన్లో ఇటుకల్లాంటి సామాను పెడితే ముందు చక్రం తేలికై, వేగం పెరిగాక హ్యాండిల్ ఊగడం మొదలవుతుంది. దాంట్లో రెయిన్ కోటు, చేతి తొడుగులు పెట్టు, పానాల సంచి కాదు.

సస్పెన్షన్‌కి లిఫ్టు మళ్లీ పనికొస్తుంది. వెనక చక్రం గాల్లో వేలాడుతుండగా యాక్సిల్ నుంచి నేరుగా పైన సీటు కింద ఒక గుర్తు దాకా కొలువు. దింపి, నువ్వు ఎక్కి, సామాను కూడా పెట్టి మళ్లీ కొలిపించు. రెండింటి తేడా మొత్తం సస్పెన్షన్ ప్రయాణంలో మూడో వంతు దగ్గర ఉండాలి. 120 మిల్లీమీటర్లు కదిలే బండికి సుమారు 40. అంతకంటే ఎక్కువ దిగితే ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందే కొంత అదిమి ఉంచే సర్దుబాటు, బిగించు. ఎంత బిగించినా దిగుతూనే ఉంటే స్ప్రింగే మార్చాలి. నన్నడిగితే నీ పద్నాలుగు వస్తువుల్లో సగం మానేసి ఇది చేయించుకో.

కరెంటు విషయంలో కుర్రాళ్లు చేసే తప్పులు చూసి చూసి నాకు విసుగొచ్చింది. లైట్ల జంట 40 వాట్లు, వేడి గ్రిప్పులు 35, ఇద్దరికీ వేడి జాకెట్లు 75 చొప్పున 150, ఫోన్ చార్జరు 15. మొత్తం 240 వాట్లు. 14 వోల్టుల దగ్గర అది 17 ఆంపియర్లు. ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు ఎంత ఇస్తుందో, అందులో బండి సొంతానికి ఎంత పోతుందో తీసేసి మిగిలింది చూసుకో. పైగా ఆ అంకె ఇంజిన్ వేగంగా తిరిగేటప్పటిది, ఐడిలింగ్‌లో చాలా తగ్గుతుంది. వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒకటి కొను. బండి ఆఫ్‌లో ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 నుంచి 12.8 చూపిస్తుంది, ఇంజిన్ పరుగులో 14కి అటూ ఇటూ. అన్నీ ఆన్ చేశాక 13 కంటే దిగిందంటే నువ్వు చార్జింగ్‌ని తినేస్తున్నావు.

ఫ్యూజును బ్యాటరీ ప్లస్‌కు వీలైనంత దగ్గర పెట్టు. అది లైటును కాపాడడానికి కాదు, వైరు కాలకుండా ఉండడానికి. ఇగ్నిషన్ తిప్పినప్పుడే పనిచేసేలా రిలే అనే కరెంటు స్విచ్చు మధ్యలో పెడితే ఆగి ఉన్న బండి బ్యాటరీ తెల్లారేసరికి డౌన్ అవదు. కొత్త బళ్లలో క్యాన్ బస్ వైరింగ్, అంటే బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైరింగ్, ఉంటుంది, వాటిలో దొరికిన వైరును కోసి అతికించకు, కంప్యూటరు అలుగుతుంది. కోయకుండా తగిలించే మాడ్యూళ్లు ఉన్నాయి.

ఒక్కసారి ఒక్కటే మార్చు. మూడు మార్చి వణుకు వస్తే ఏది దోషో తెలియదు. బిగించిన ప్రతి బోల్టు తల మీద నుంచి పక్క దాకా పెయింటు గీత ఒకటి గియ్యి. 500 కిలోమీటర్ల తర్వాత గీత తెగిందంటే బోల్టు కదిలినట్టే.

దించేటప్పుడు తొందరపడకు, పని అయిపోయిందన్న సంబరంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. బల్ల కింద టూల్ బాక్సు, పిల్లల చెప్పు, పిల్లి, ఏదీ లేదని వంగి చూడు. కొంచెం పైకి లేపితే గానీ లాక్ ఊడదు. లాక్ తీశాక నూనె వదిలే వాల్వును వెంట్రుకవాసి తిప్పు, నెమ్మదిగా దిగనివ్వు. పట్టీలు అన్నీ ఒకేసారి విప్పేయకు, సైడ్ స్టాండు దేనిమీద ఆనుతుందో చూసుకున్నాకే చివరి రెండూ విప్పు. మొదటిసారి ఎక్కించే రోజు, దించే రోజు నాకు కబురు చెయ్యి. అవతల పక్క నిలబడడానికి నేను వస్తాను.

మీ మామయ్య