పక్కింటివాళ్లే చంపుకున్నాక...

ప్రశ్న: నిన్నటిదాకా ఇరుగుపొరుగుగా ఉన్నవాళ్లు ఒకరినొకరు నరుక్కునేదాకా ఎలా వెళ్తారండీ? ఆ తర్వాత అదే ఊళ్లో మళ్లీ ఎలా బతుకుతారు?
- ఒక పాఠకురాలు

జవాబు: ‘పాత పగలమ్మా, ఏం చేస్తాం’ అని తేల్చేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆఫ్రికాలోని రువాండానే చూడండి. 1930ల్లో బెల్జియం పాలకులు గుర్తింపు కార్డు మీద హుటూ, టుట్సీ అని మనిషి జాతిని రాయించారు. హుటూలు ఎక్కువమంది, టుట్సీలు తక్కువమంది. 1994లో రోడ్ల మీద కాపలా పెట్టినవాళ్లు అడిగింది ఆ కార్డే. టుట్సీ అని ఉంటే ప్రాణం పోయినట్టే. అంతకుముందు నెలల తరబడి హుటూ అతివాదుల ఆర్‌టీఎల్‌ఎం రేడియో పాటల మధ్యలో టుట్సీలను బొద్దింకలంటూ విషం నూరిపోసింది. ఊరి అధికారులే దగ్గరుండి జనాన్ని పురమాయించారు. సుమారు 100 రోజుల్లో 8 లక్షల మంది దాకా చనిపోయారు. ఇదంతా పూనకంలో జరిగిందంటే నమ్మమంటారా?

కోలుకోవడం అంత తొందరగా జరగలేదు. జైళ్లు లక్షమందికి పైగా నిందితులతో కిక్కిరిసిపోయాయి. అందుకే గచాచా పేరుతో ఊరి పంచాయితీలు పెట్టారు. ఊరివాళ్లు ఎన్నుకున్న మనుషులే న్యాయమూర్తులు. నేరం ఒప్పుకుని, శవాలను ఎక్కడ పూడ్చారో చెప్పినవాళ్లకు శిక్ష తగ్గించారు. కొందరు రోడ్లు వేసి, ఇళ్లు కట్టి మిగతా శిక్ష తీర్చుకున్నారు. 2012లో ముగిసేసరికి 10 లక్షలకు పైగా కేసులు తేలాయి. లాయర్లు లేరని, ఆ మారణకాండను ఆపి గద్దెనెక్కిన టుట్సీల పక్షం సైనికుల నేరాలు ఎత్తనే లేదని విమర్శలున్నాయి. అవి న్యాయమైనవే. అయినా, తన బిడ్డ ఎముకలు ఎక్కడున్నాయో తెలియని తల్లికి ఆ చోటు చూపించగలిగింది ఎక్కువగా ఆ పంచాయితీలే.

కార్డు మీద జాతి పేరు కూడా తీసేశారు.