40 మంది చేరి ఆరుగురు మిగిలారు: వాలంటీర్లను నిలుపుకోవడం ఎలా?

ప్రశ్న: ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘమైన ఐ ట్రిపుల్ ఈ (IEEE)కి మా కాలేజీలో ఉన్న విద్యార్థి శాఖకు నన్ను చైర్‌గా ఎన్నుకున్నారు. మొదట్లో 40 మంది వాలంటీర్లుగా చేరారు. ఇప్పుడు పిలిస్తే ఆరుగురే వస్తున్నారు. వాట్సాప్ గ్రూపులో ఎంత బతిమాలినా జవాబు ఉండదు. పనంతా నేనే చేసుకుంటున్నాను. ఇవన్నీ వదిలేసి ప్లేస్‌మెంట్లకు చదువుకోమని నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: ‘పనంతా నేనే చేసుకుంటున్నాను’ అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉందనిపిస్తోంది. మొదటి వర్క్‌షాప్‌కు ఆ 40 మందికి ఏ పనులు అప్పగించారో ఒకసారి గుర్తు చేసుకోండి. కుర్చీలు వేయడం, బ్యానర్ కట్టడం, అతిథికి బొకే తేవడం... ఇవేనా? అంశం ఎంచుకోవడం, వక్తతో మాట్లాడటం, ఖర్చు లెక్క వేయడం మీ దగ్గరే ఉంచుకున్నారా? అదే జరిగి ఉంటే వాళ్లను తప్పుపట్టలేం. ఏదో నేర్చుకుందామని వచ్చి, కుర్చీలు మోసి వెళ్లిపోయారు.

విద్యార్థిగా ఉన్నప్పుడు నేనూ ఒక సంఘానికి కార్యదర్శిగా ఇదే తప్పు చేశాను. అన్నీ నేనే చూసుకున్నాను, కార్యక్రమాలూ బాగానే జరిగాయి. నేను కోర్సు ముగించి వెళ్లాక, సెమినార్ హాలు కోసం ఎవరికి లేఖ రాయాలో తెలిసిన జూనియర్ ఒక్కరూ లేరు. ఆ ఏడాది అక్కడ ఏమీ జరగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఉద్యోగంలో మనసు లేకపోయినా జీతం కోసం ఉంటారు. ఇక్కడ ఆ కట్టు లేదు. 1963లో రెండు పాత ఇంజినీర్ల సంఘాలు కలిసి ఏర్పడిన ఐ ట్రిపుల్ ఈలో ప్రపంచ అధ్యక్షుల నుంచి మీ శాఖ ట్రెజరర్ దాకా అందరూ వాలంటీర్లే. మన ఫోన్లలోని వై-ఫైకి ఆధారమైన 802.11 ప్రమాణాన్ని రూపొందించింది కూడా ఆ సంఘం నుంచి జీతం తీసుకోని ఇంజినీర్లే. తాము చెప్పిన సవరణకు విలువ ఉంటుందన్న నమ్మకంతో అలాంటివాళ్లు ఏళ్ల తరబడి కమిటీల్లో కూర్చుంటారు. మీ రెండో సంవత్సరం జూనియర్లకూ ఆ నమ్మకమే కావాలి.

గ్రూపులో సందేశాలు పెట్టడం కొన్నాళ్లు ఆపండి. ఒక్కొక్కరితో క్యాంటీన్‌లో పది నిమిషాలు విడిగా కూర్చోండి. ఏం నేర్చుకోవాలని చేరారో, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో అడగండి. రెండు గంటలే అంటే ఆ రెండు గంటలే తీసుకోండి. కుదరదన్నవారిని నొప్పించకుండా వెళ్లనివ్వండి. మరో మాట. మీ సమావేశాలు సాయంత్రం కాలేజీ బస్సులు వెళ్లిపోయాక జరుగుతున్నాయా? అయితే హాస్టల్లో లేనివారందరికీ మీరే తలుపు మూసినట్టు. మధ్యాహ్న భోజన విరామానికి మార్చండి.

తర్వాత ఒక పెద్ద పనిని మొత్తంగా వాళ్ల చేతుల్లో పెట్టండి. సాధారణంగా అక్టోబరులో జరిగే ఐ ట్రిపుల్ ఈ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పోటీ ఇందుకు చక్కగా సరిపోతుంది. మన కాలమానం ప్రకారం ఉదయం 5.30కు మొదలై మర్నాడు 5.30 దాకా, 24 గంటలు సాగుతుంది. జట్టుకు ముగ్గురి వరకు ఉండొచ్చు, పర్యవేక్షకులు తప్పనిసరి. రాత్రంతా ల్యాబు తెరిచి ఉంచాలి, కరెంటు పోతే జనరేటర్ ఉండాలి, భోజనాలు అందాలి, అధ్యాపకులు వంతులవారీగా కూర్చోవాలి. ల్యాబు, నెట్‌వర్కు బాధ్యత ఇద్దరికి, భోజనాలూ వాటి లెక్కా మరో ఇద్దరికి, జట్ల నమోదు ఇంకొకరికి పూర్తిగా ఇచ్చేయండి. ఎలా చేయాలో వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి. భోజనం గంట ఆలస్యమైనా కలగజేసుకోకండి. అమ్మాయిలు రాత్రి ఉండటానికి అనుమతులు, డబ్బు లెక్కలు, ఈ రెండూ మాత్రం మీరే స్వయంగా సరిచూడండి. వాటిలో పొరపాటుకు చోటివ్వకూడదు.

పోటీ ముగిశాక నివేదికలో ఎవరు ఏ పని చేశారో పేరుపేరునా రాయండి. ప్రిన్సిపాల్ గారి దగ్గరకు ఆ నివేదికతో ల్యాబు చూసుకున్న జూనియర్‌ను పంపండి. అందరికీ ఒకే రకం సర్టిఫికెట్ పంచితే, రాత్రంతా మేలుకున్నవారి శ్రమకు గుర్తింపు ఉండదు.

ఇక నాన్నగారి మాట. ఆయన ఆందోళన న్యాయమైనదే. శాఖకు వారానికి ఆరు గంటలకు మించి ఇవ్వనని ఆయనకు చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. మిడ్ పరీక్షల వారంలో ఏ కార్యక్రమమూ పెట్టకండి. పనులు నిజంగా పంచితే ఆరు గంటలు సరిపోతాయి. చైర్ అన్న పదవి చూసి ఏ కంపెనీ ఉద్యోగం ఇవ్వదు. కానీ ఇంటర్వ్యూలో ‘34 మంది వెళ్లిపోతే మీరు ఏం మార్చారు, ఎందరు తిరిగొచ్చారు?’ అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర సొంత అనుభవం ఉంటుంది.

ఈ వారమే ఆ ఆరుగురితో కూర్చోండి. రానివాళ్ల మీద వాళ్ల ముందు ఫిర్యాదు చేయకండి. ఎక్స్‌ట్రీమ్‌లో ఏ భాగం తీసుకుంటారో అడిగి, వాళ్లు చెప్పేదాకా మీరు మాట్లాడకుండా ఉండండి.